మెట్ల మీద దిగిన ఫోటో

జూన్ 4

అక్కా,

ముందుగా నా దస్తూరి చూసి విసుక్కోకు. తప్పులు కూడా ఉంటాయి, సర్దుకుని చదువుకో. ఇన్నేళ్లూ తాపీ పట్టిన చెయ్యి, కలం పట్టుకుంటే గోడకి సున్నం కొట్టినట్టే పోతుంది. ఫోన్లో మాట్లాడదామంటే నీ మాటే సాగుతుంది. నా వంతు వచ్చేసరికి చెప్పాల్సింది మర్చిపోతాను. అందుకని ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నాం. అబ్బాయి లారీ మీద పోయాడు, ఈసారి దూరం. వచ్చే నెల్లో గానీ రాడు. కోడలు ఆస్పత్రి డ్యూటీకి, మనవరాలు బడికి పోతారు. నేను ఇంట్లో ఉంటాను.

ఒక కొత్త సంగతి. నేనూ బళ్లో చేరాను. నవ్వకు. మా వెనక వీధిలో లైబ్రరీ ఉంది. పై గదిలో పెద్దవాళ్లకి ఫోనూ కంప్యూటరూ నేర్పుతున్నారు. కోడలే తీసుకెళ్లి పేరు రాయించింది. "రోజంతా గోడ వైపు చూస్తూ కూర్చుంటే గోడ మాట్లాడదు మామయ్యా, లేవండి" అంది. నేను మేస్త్రీని, గోడని చూడటం నాకు అలవాటే అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

లైబ్రరీ మేడమ్ పాఠం చెబుతుంది. చిన్నదే గానీ ఓపిక ఉంది. మొదట అక్షరాలు పెద్దవి చేసుకోవడం నేర్పింది. ఇప్పుడు ఫోన్లోకి వచ్చినదాన్ని ఎలా చూడాలో నేర్పుతోంది. ఎవరు పెట్టారు, ఎప్పటిది, ఎందుకు పెట్టారు అని ముందు అడుక్కోవాలట. వచ్చింది వచ్చినట్టు ఇంకొకరికి తోసెయ్యకూడదట. నువ్వు గుర్తొచ్చావు. ఏమీ అనుకోకు.

నా పక్కన రిటైరైన బస్సు కండక్టరు కూర్చుంటాడు. ఆయన మాట్లాడతాడు, నేను వింటాను. ఇద్దరికీ బాగానే ఉంది. ఇటు పక్క ఒక టైలరమ్మ. ఆవిడకి ఫోటోలు తియ్యడం వచ్చింది కాబట్టి ఇప్పుడు ఎవర్నీ వదలడం లేదు. నన్నూ తీసింది.

బావ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇంకేం లేవు.

నీ తమ్ముడు


జూన్ 21

ఒరేయ్ తమ్ముడూ,

నిన్నంతా నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. నువ్వు ఎత్తలేదు. ఎత్తినా ఏం లాభంలే, "ఆఁ, బాగున్నా" అంటావు, తర్వాత నీ ఊపిరి వినపడుతుంది. నీకు ఉత్తరమైతేనే నోరు వస్తుందిగా, నేనూ ఉత్తరమే రాస్తున్నాను. దీనికి మాత్రం "బాగున్నా" అని జవాబు రాశావంటే నేనే బస్సెక్కి వస్తాను.

మొన్న పొద్దున మీ బావ చెల్లెలి కూతురు ఒక ఫోటో పంపింది. "అత్తయ్యా, ఈయన మన మేస్త్రీ బాబాయిలా లేడూ" అని. కళ్లజోడు పెట్టుకుని చూశాను. నువ్వే. ఏవో మెట్ల మీద, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, పక్కన చేతిసంచీ, దాని మీద అన్నం డబ్బా, మెళ్లో ఏదో నల్లతాడు. దిక్కులేనివాడిలా ఎటో చూస్తున్నావు. దాని కింద ఏదో రాసి ఉంది. నీకు తెలియాలని ఉన్నదున్నట్టు రాస్తున్నా:

"కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. కోడలు నర్సు, ఊరందరికీ సేవ చేస్తుంది. పొద్దున్నే ఇంటికి తాళం వేసుకుని పోతుంది. ఈ ముసలాయన సాయంత్రం దాకా ఈ మెట్ల మీదే."

ఇదేనట్రా నువ్వు చేరిన బడి? ఈ వయసులో క్లాసేమిటి, కండక్టరేమిటి అని నేను అప్పుడే అనుకున్నాను. బయట కూర్చోబెడుతున్నారని చెప్పలేక క్లాసని రాశావు. చిన్నప్పట్నుంచీ అంతే. కాలికి మేకు దిగినా "ఏం లేదక్కా" అనేవాడివి. నోట్లో నాలుక లేనివాడివని ఎవరేం చేసినా పడి ఉంటావా?

నేను ఊరుకోలేదు. ఆ ఫోటో మనవాళ్లందరికీ పంపాను. "ఈయన నా సొంత తమ్ముడే, ఇందులో ప్రతి ముక్కా నిజం" అని నా పేరు పెట్టి మరీ పంపాను. మీ వియ్యపురాలికి ఫోన్ చేసి, మీ అమ్మాయి చేస్తున్న నిర్వాకం ఇదమ్మా అని మర్యాదగానే చెప్పాను. ఆవిడ ఏడ్చింది. ఏడవనీ.

నువ్వు బట్టలు సర్దుకుని ఇక్కడికి వచ్చెయ్. ముందు గది ఖాళీగానే ఉంది. బావ కూడా రమ్మంటున్నారు. ఆయన మోకాళ్లకి ఏం, అలాగే ఉన్నాయి.

మీ అక్క


జూన్ 26

అక్కా,

నీ ఉత్తరం అందింది. కూర్చుని చదువు, మధ్యలో లేవకు.

ఆ ఫోటో కింద మాటలు నేను రాసినవే.

క్లాసులో ఒక పని ఇచ్చారు. ఒకే ఫోటో కింద ఒక నిజం, ఒక అబద్ధం రాయాలి. ఫోటో అదే, మాట మారితే చూసేవాడి మనసు ఎలా మారిపోతుందో మాకు తెలియాలని. ఆ రోజు నేను పెందలాడే వెళ్లాను. తలుపు తియ్యలేదు. మెట్ల మీద కూర్చుంటే టైలరమ్మ తీసింది. మా జట్టుకి ఆ ఫోటో ఇచ్చారు.

అబద్ధంలో నిజం ముక్కలు కలిస్తే అది గట్టిగా నిలబడుతుంది అంది మేడమ్. ఇసుకలో సిమెంటు లాగే కదా అని నేను బాగా కలిపాను. అబ్బాయి లారీ నిజం. కోడలు నర్సు అన్నది నిజం. తాళం నిజం. మెట్లు నిజం. అన్నీ కలిపితే వచ్చింది మాత్రం అబద్ధం. క్లాసులో అందరూ బాగుందన్నారు. నేను చేసింది బాగుందని ఎవరైనా అని చాలా కాలమైంది. సంతోషపడ్డాను.

నిజం కూడా రాశాను. "తలుపు తీసేదాకా ఆగలేక ముందే వచ్చి కూర్చున్న విద్యార్థి." రెండూ ఒకే మెసేజీలో పెట్టి క్లాసు గ్రూపులో వెయ్యమన్నారు. నా వేళ్లు లావు, అక్షరం అక్షరం వెతుక్కోవాలి. అబద్ధం రాయడం అయ్యాక చెయ్యి తగిలి అదొక్కటే గ్రూపులోకి వెళ్లిపోయింది. సరే అని టీ తాగి వచ్చి నిజం విడిగా పంపాను. ఈలోపు కండక్టరు, "మా మేస్త్రీ ఎలా రాశాడో చూడండి" అని మొదటిదాన్ని తన పాత డిపోవాళ్లకి పంపాడు. ఆయన అన్న మాట ఆయన దగ్గరే ఆగిపోయింది, ఫోటో ముందుకు పోయింది. ఆయన ఇప్పుడు నా మొహం చూడలేక వెనక బల్ల మీద కూర్చుంటున్నాడు. మేడమ్ వచ్చి కోడలికి క్షమాపణ చెప్పింది. ఇక మీద మా ఫోటోలతో ఈ పని చేయించనంది.

కోడలికి ఇదంతా తెలుసు. మొదటి రోజే నేను చూపించాను, నవ్వింది కూడా. తర్వాత ఆస్పత్రిలో ఒకావిడ ఆమె చేత సూది వేయించుకోనంది. "మామగారిని మెట్ల మీద పడేసినదానివి నువ్వే కదా" అందిట. దాన్నీ తట్టుకుంది. వాళ్ల అమ్మ ఫోన్ చేసి ఏడ్చాక మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, మందులు ఇస్తుంది, మాట లేదు. నిన్న మాత్రం అంది:

"రాసింది మీరని నాకు తెలుసు మామయ్యా, దానికేం లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు నమ్మినా పోనీ అనుకున్నాను. పెద్దత్తయ్య కూడా నమ్మింది. ఇన్నేళ్లు చూశాక కూడా మీవాళ్లందరికీ నేను అలాంటిదాన్నే అయితే ఇక్కడెందుకు నేను? ఆయన తిరిగొచ్చాక పాపని తీసుకుని అమ్మ దగ్గరికి పోతాను. డ్యూటీకి అక్కడ్నుంచే వెళ్తాను."

ఆమె వెళ్లిపోతే నేను రాసిన అబద్ధం నిజమవుతుంది.

ఫోటో ఎంత దూరం పోయిందో నా చేతిలో లేదు. మనవాళ్లు మాత్రం నమ్మింది ఫోటోని కాదు, నిన్ను. ఇది అబద్ధమని నువ్వే చెప్పాలి. కోడలు బంగారం అక్కా. నన్ను కన్నతండ్రిలా చూసుకుంటుంది. ఏ లోటూ లేదు. ఇలాంటి కోడలు ఎవరికీ దొరకదు.

నీ తమ్ముడు


జూలై 3

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి కూడా చదివి వినిపించాను. ఆయన, "పోనీలే, అబద్ధమేగా" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను అంత తేలిగ్గా లొంగను.

నువ్వు ఎప్పుడైనా ఒక పేజీ దాటి రాశావా? పెళ్లి కుదిరినప్పుడు కూడా "కుదిరింది, రండి" అని రాసినవాడివి. ఇప్పుడు వెనకా ముందూ నింపి, మార్జిన్లో కూడా రాశావు. పక్కన ఎవరో నిలబడి చెబుతుంటే రాసినట్టుంది. చివర్న ఆ బంగారం, కన్నతండ్రి, ఏ లోటూ లేదు, అవేం మాటలురా? అవి పెళ్లిళ్లలో మైకు పట్టుకుని చెప్పే మాటలు. నీ నోట్లోంచి అలాంటి మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు. నీ పెళ్లాం బతికుండగా ఆ మహాతల్లిని కూడా ఒక్క మాట మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని అడుక్కోవాలని నీ మేడమ్ నేర్పిందని నువ్వే రాశావు. నేనూ అదే అడుక్కుంటున్నాను. ఉత్తరం రాసింది నువ్వు. ఎందుకు రాశావు? ఆ ఇంట్లోనే బతకాలి కాబట్టి.

ఇంకో మాట. అబద్ధమే అనుకుందాం. ఇంతమంది ఉండగా, ఇన్ని సంగతులుండగా, నీకు ఆ అబద్ధమే ఎందుకు తోచింది? ఏమీ లేనిదే నీ బుర్రలో అది పుట్టదు. ఆ మాటకి జవాబు రాయి. కోడలు ఇంట్లో లేనప్పుడు రాయి.

ఇది అబద్ధమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. బావకి ఎండ పడటం లేదు.

అక్క


జూలై 9

అక్కా,

నమ్మకపోతే మానెయ్. నా చెయ్యి నొప్పి పుడుతోంది, అయినా రాస్తున్నా. కోడలు డ్యూటీలో ఉంది. పక్కన ఎవరూ లేరు, పిల్లి కూడా లేదు.

కోడలి గురించి నా పొగడ్తలు నమ్మనన్నావు, అయితే ఇది విను. తడి తువ్వాలు కుర్చీ మీద వేశానని పొద్దున్నే మొదలుపెడుతుంది. కుర్చీ నాది, తువ్వాలు నాది. అయినా వినదు. కూరల్లో ఉప్పు వెయ్యదు. వేసింది అంటుంది, నాకు తగలదు. బట్టలు ఉతికే ముందు నా జేబులు పోలీసుల్లా తడుముతుంది. బీడీ దొరికితే నాకు చూపించి మరీ నీళ్లలో ముంచుతుంది. పడేస్తే పోదా, చూపించడం దేనికి? ఆస్పత్రి కబుర్లు ఫోన్లో గట్టిగా మాట్లాడుతుంది, ఎవరికి ఏ రోగమో నాకు అన్నీ తెలుస్తున్నాయి. నేను గురక పెడతానని ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది, పెట్టి చూపిస్తుంది కూడా. నా పాత చెప్పులు నన్ను అడగకుండా పారేసింది. కొత్తవి కరుస్తున్నాయి. అందుకే ఆ ఫోటోలో విప్పి పెట్టుకున్నాను.

ఇక తాళం. అవును, వేసుకుని పోతుంది. ఒక చెవి నాకిచ్చింది, పారేసుకున్నాను. ఇంకొకటి చేయించింది, అదీ పోయింది. అప్పుడు పక్కింటివాళ్లు వింటుండగా, "పాప కూడా పెన్సిలు పారేసుకోదు మామయ్యా, మీకేమైంది" అని తిట్టి, నల్లతాడుకి గుచ్చి నా మెళ్లో వేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు చూసి దిక్కులేనివాడన్న తాడు అదే. నమ్మకపోతే ఫోన్లో ఆ ఫోటో తెరువు. దాని మీద రెండు వేళ్లు ఆనించి పక్కలకి జరుపు, పెద్దదవుతుంది. చొక్కా బొత్తాల మధ్య చూడు. మా ఇంటి తాళం చెవి కనపడుతుంది. నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంట్లోకి పోవచ్చు.

ఆ అబద్ధమే ఎందుకు తోచిందన్నావు. మధ్యాహ్నం ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇది కోడలి తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు. వాళ్లు పనులకి పోవాలి. అది చూసే ఆమె నన్ను క్లాసులో చేర్చింది. నేను చెప్పకుండానే చూసింది. మిగతావాళ్లకి ఆ మాత్రం కూడా కనపడలేదు. నీకూ కనపడలేదు.

ఇంక నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

తమ్ముడు


జూలై 15

నా తమ్ముడూ,

ఇప్పుడు నమ్మాను.

ఫోటో పెద్దది చేశాను. మొదట ఎటో జరిగి నీ మోకాలు వచ్చింది, తర్వాత అన్నం డబ్బా వచ్చింది. మీ బావ లేచొచ్చి సాయం పట్టారు. చెవి కనపడింది, దాని పళ్లు కూడా కనపడ్డాయి. "నేను చెప్పలేదూ" అన్నారాయన. ఆయన ఏమీ చెప్పలేదు.

అయినా నన్ను ఒప్పించింది చెవి కాదు. తువ్వాలు. ఆ ఉప్పూ, బీడీలూ, గురకా చదువుతుంటే నాకు నవ్వాగలేదు. నువ్వు ఇంత సణుగుతావని నాకు ఇన్నేళ్లకి తెలిసింది. భయపడి బతికేవాడు ఇలా సణగడు. ఆ అమ్మాయి నిన్ను తిడుతుంది, నువ్వు ఆమెని తిట్టుకుంటావు. అంటే ఇంట్లో మనిషిలాగే ఉన్నావు. నా మనసు కుదుటపడింది. మధ్యాహ్నాల సంగతి కూడా చదివాను. దాని గురించి ఇప్పుడేం రాయను, నాకు రాయడం రావడం లేదు.

నువ్వు అడిగిన పని కూడా చేసేశాను. నా మాట ఎందుకు, నీ మాటే చూపిస్తే సరిపోతుందని, నీ ఉత్తరానికి ఫోటో తీసి మనవాళ్లందరికీ పంపాను. "నా తమ్ముడు స్వయంగా రాశాడు, చూసుకోండి" అని కింద రాశాను. ఇక ఒక్కరు కూడా నోరెత్తరు. నా మాటగా కోడలికి చెప్పు, మనసులో ఏమీ పెట్టుకోవద్దని.

మీ అక్క


జూలై 20

అక్కా,

ఉత్తరం ఫోటో తీసి పంపావు కదా. మొదటి పేజీ ఒక్కటే వెళ్లింది. ఉప్పు వెయ్యదు, జేబులు వెతుకుతుంది, చెప్పులు పారేసింది, అంతవరకే. తాళం చెవీ, క్లాసూ ఉన్న రెండో పేజీ నీ ఫోన్లోనే ఉండి ఉంటుంది, చూసుకో. బావ అన్న కొడుకు నాకు ఫోన్ చేసి, "పాపం మామయ్యా, ఉప్పు కూడా పెట్టదా" అన్నాడు. నేను కోపంలో ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. అటు పక్క వాడు ఫోన్ పెట్టేశాడు. నిన్ను తప్పు పట్టను. నేను ఒకటి విడగొట్టి పంపాను, నువ్వూ ఒకటి విడగొట్టి పంపావు. మనది ఒకటే రక్తం.

ఆ పేజీ కోడలికి కూడా వచ్చింది. ఎవరు పంపారో నేను అడగలేదు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా ముందు నిలబడింది. మొత్తం చదివింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఉప్పు వెయ్యనని రాశారు. మీ బీపీ ఎంతో రాయలేదేం?" అంది.

చాలా రోజుల తర్వాత అదే మొదటి మాట. నేను లేచి నిలబడ్డాను.

"పేజీ చాల్లేదమ్మా" అన్నాను.

"తువ్వాలుకి చోటుందా? రోజూ అది తీసి ఆరేసేదెవరు? పాత చెప్పులకి మేకు పైకి వచ్చింది, మీకు చూపించే పారేశాను. ఆఁ అన్నారు. మీరు అన్నింటికీ ఆఁ అంటారు. నేను గట్టిగా మాట్లాడతానా? మీకు సగం వినపడదు కాబట్టి మాట్లాడతాను."

మనవరాలు మధ్యలో వచ్చి, "గురక మాత్రం నిజమే అమ్మా" అంది. దాన్నీ తిట్టింది. తర్వాత రెండో పేజీలో ఏముందని అడిగింది. నా దగ్గర లేదు కదా, నోటితో చెప్పమంది. నాకు రాలేదు. మళ్లీ అడిగింది. గోడ వైపు తిరిగి చెప్పాను. తాళం చెవి సంగతి చెప్పాను, మధ్యాహ్నాల సంగతి చెప్పాను. "నేను చెప్పకుండానే నువ్వు చూశావమ్మా" అన్నాను. ఆమె విని, లోపలికి పోయి అన్నం పెట్టింది. ఆ పూట ఆమె కూడా నాతోనే కూర్చుని తింది.

నీ మాటగా చెప్పమన్నది కూడా చెప్పాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు. "మాట పడింది నేను మామయ్యా. పెద్దత్తయ్య నా పరువు అందరి ముందూ తీసింది, మా అమ్మకి ఫోన్ చేసి తీసింది. ఇప్పుడు మీ వెనక నిలబడి చెబితే ఎలా? నాకు చెప్పమనండి. మా అమ్మకీ చెప్పమనండి" అంది. నాకు న్యాయంగానే తోచింది. అక్కా, నీకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగను. ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు చెయ్యాలి.

మనవాళ్లకి ఇక ఫోటోలు పంపకు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నోటితో చెప్పు, నీకు అది బాగా వచ్చు. వియ్యపురాలికి ముందు చెయ్యి. కోడలికి మాత్రం ఉత్తరం రాయి. కవరు మీద నా పేరు వెయ్యకు, ఆమె పేరు వెయ్యి. పొడుగ్గా అక్కర్లేదు.

ఆమె సర్దిన బ్యాగు ఇన్నాళ్లూ తలుపు పక్కన ఉంది. నిన్న సాయంత్రం మంచం కిందికి తోసింది. ఇంకా విప్పలేదు. అబ్బాయి ఈ నెలాఖరుకి వస్తున్నాడు. అంతకు ముందే చేరేలా, ఈ ఉత్తరం అందగానే కూర్చుని జవాబు రాయి.

నీ తమ్ముడు